బండల చిట్టా చెప్పిన మనిషి

కాకా పోయాడని ఖాజా భాయ్ ఫోన్ చేసి చెప్పేసరికి ఆయన దినాలు కూడా అయిపోయాయి. ఖాజా భాయ్ మా ఆఫీసులో ఒకప్పటి జీపు డ్రైవరు, పహాడీ షరీఫ్ మనిషి. ఇప్పుడు సొంత క్యాబ్ నడుపుకుంటున్నాడు. మంఖాల్ వైపు కిరాయికి పోతే అక్కడెవరో చెప్పారట. దమ్ము ఎక్కువై, ఊపిరాడక దవాఖానకు తీసుకుపోయారనీ, మళ్లీ ఇంటికి రాలేదనీ అన్నాడు. నాకు కబురు చెయ్యాలని ఎవరికీ తోచలేదు. తోచాల్సిన పని కూడా లేదు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. ఈ మధ్య నాకు దేనికీ లేవబుద్ధి కావడం లేదు, అది వేరే సంగతి.

ఆయనకు పేరుంది. అయినా షెడ్డులో అందరూ కాకా అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. ఆ పేరు ఇక్కడ రాయను. ఆయన బతికి ఉండగా ఆ పేరు పలకాల్సిన చోట ఒకసారి పలకలేకపోయాను. ఇప్పుడు కాగితం మీద రాసి గొప్ప చూపించుకోవడం నాకే బాగోలేదు.

ముందు మా పనేమిటో చెప్పాలి. విమానాశ్రయం శంషాబాద్‌కు వచ్చిన మరుసటి ఏడు, ఆ చుట్టుపక్కలే ఒక రేకుల షెడ్డులో మా చిన్న సంస్థ మొదలైంది. రెండు ఇంజన్ల చిన్న విమానం ఒకటి, దాని కడుపులో కోసిన కంతలోంచి కిందికి చూసే థర్మల్ కెమెరా ఒకటి. ఆ కెమెరాకు రంగులు తెలియవు, వేడి ఒక్కటే తెలుసు. చల్లటిదాన్ని నల్లగా, వేడిదాన్ని తెల్లగా చూపిస్తుంది. ఆకు రాలినప్పటి నుంచి తొలకరి దాకా నల్లమల మీద ఎగిరి, తెల్ల చుక్క ఎక్కడ కనబడితే అక్కడ మంట ఉందని అడవి వాళ్లకు చెప్పాలి. ఆ చెప్పేదాన్ని నేను. గుంటూరులో పుట్టి, హైదరాబాద్‌లో చదివి, అడవిని బొమ్మల్లో తప్ప ఎరగనిదాన్ని.

మొదటి వేసవి నవ్వులపాలయ్యాం. ఎండకు కాగిన నల్ల బండ కూడా కెమెరాకు మంటలాగే కనబడుతుందని పుస్తకంలో చదివాను గానీ, నల్లమలలో అన్ని బండలుంటాయని నాకేం తెలుసు? మేం చెప్పిన చోటికల్లా అడవి కాపలావాళ్లు కాలికి బలపం కట్టుకుని తిరిగారు. పోయి చూస్తే బండ. నాలుగోసారి వాళ్ల పెద్దాయన నాకు ఫోన్ చేసి, కోపం లేకుండా, ఈ బండను ఎట్లా ఆర్పాలో తెలియడం లేదమ్మా, మీరే వచ్చి చూపించండి అన్నాడు.

అప్పటికి కాకా మా షెడ్డులో విమానం తుడిచి, టీ తెచ్చి, గేటు తీసే మనిషి. మంఖాల్ పక్క ఊరు. తాతల నాటి నుంచి బొగ్గు కాల్చిన ఇల్లు. సర్కారు తుమ్మ కొట్టి, మొద్దులు కుప్పగా పేర్చి, మీద గడ్డీ మట్టీ కప్పి, లోపల నిప్పు పెట్టి గాలి ఆడకుండా మూసేస్తారు. అలా దినాల తరబడి లోలోపల కాలితే బొగ్గవుతుంది. దాన్ని బట్టి అంటారు. తుమ్మలున్న బీళ్లన్నీ ప్లాట్లయిపోయాక కొట్టడానికి తుమ్మ లేక, బట్టి లేక, ఆయన మా దగ్గర పనికి కుదిరాడు.

ఒకరోజు టీ గ్లాసు నా బల్ల మీద పెట్టి, పోకుండా నా వెనకే నిలబడ్డాడు. కంప్యూటర్లో తెల్ల చుక్కల బొమ్మ ఉంది. కాసేపు చూసి, వేలు తగలకుండా చూపించాడు.

"గిది రాయి మేడం. గిది గూడ రాయి. గిది మాత్రం బట్టి. ఎవడో దొంగసాటుగ బొగ్గు కాలుస్తుండు. మట్టి గూడ సక్కగ కప్పలే."

దొంగతనం కంటే మట్టి సరిగ్గా కప్పకపోవడమే ఆయనకు ఎక్కువ తప్పుగా కనిపించినట్టుంది. ఎలా తెలిసిందని అడిగాను. బొమ్మలో రాయి అంచు తెలుపు నుంచి నలుపుకు మెల్లమెల్లగా మారుతుందట, నిప్పు అంచు కత్తిరించినట్టుంటుందట. నేను రెండేళ్లు చదివి నేర్చుకున్నదాన్ని ఆయన టీ చల్లారేలోపు చెప్పేశాడు. అడవి వాళ్లు పోయి చూస్తే బట్టే.

ఆ తర్వాత మా మేనేజరు ఆయనను జీపెక్కించాడు. రెండు వేసవులు ఖాజా భాయ్, కాకా కలిసి, బొమ్మలో చుక్క కనబడిన చోటల్లా పోయి చూసొచ్చారు. అది రాయో, నిప్పో, రేకుల కప్పో తేల్చుకోవడం వాళ్ల పని. చోటు చెప్పే జీపీఎస్ యంత్రాన్ని కాకా తువ్వాలులో చుట్టి గుండెకు ఆనించుకుని తిరిగేవాడట. తిరిగొచ్చాక నా పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని. చదువు రాదు గానీ ఒక్క బండనూ మరిచిపోయేవాడు కాదు. పేర్లు కూడా ఆయనే పెట్టాడు. గొర్రెపడక బండ, ముసలమ్మ మోకాలు, అత్తరుసాబు బండ. అత్తరుసాబు ఎవరని అడిగితే, ఆ బండ మీద ఖాజా భాయ్ జేబులోని అత్తరు సీసా పగిలిందని చెప్పి పగలబడి నవ్వాడు. అలా నూటికి పైగా బండల చిట్టా తయారైంది. దాన్ని కంప్యూటర్‌కు ఇచ్చాం. చిట్టాలో ఉన్న చోట చుక్క కనబడితే కంప్యూటర్ దానంతటదే చెరిపేస్తుంది. మిగిలిందే మంట. అడవి వాళ్లు నవ్వడం మానేశారు. మేనేజరుకు పైనుంచి మెచ్చుకోళ్లు వచ్చాయి, నాకు ఉద్యోగం ఖాయమవుతుందన్న ఆశ వచ్చింది. కాకాకు కొత్త తువ్వాలు వచ్చింది.

ఆయన దేన్నీ అరచేత్తో ముట్టి చూసేవాడు కాదు. కెటిల్‌నైనా, విమానం ఇంజన్‌నైనా, నాకు జ్వరమొస్తే నా నుదురునైనా చేతి వెనకవైపు ఆనించి చూసేవాడు. అరచెయ్యి గొడ్డలి పట్టీ పట్టీ మొద్దుబారింది బిడ్డా, దానికి సెగ తెల్వది అనేవాడు. అప్పటికి మేడం పోయి బిడ్డ వచ్చింది. నేను ఆయన్ను 'మీరు' అనడం మాత్రం ఆయనకు చివరిదాకా వింతే. టీ బాగా చల్లారి మీగడ కట్టాక తాగేవాడు. పుట్టినప్పటి నుంచి నిప్పు పక్కనే ఉన్నవాడికి వేడి టీ మీద మోజేముంటుందిలే అని మేమనుకునేవాళ్లం.

నిప్పు లేనిదే పొగ రాదని నేనంటే ఒప్పుకునేవాడు. వెంటనే, పొగ లేకుండా నిప్పుంటుంది, దానికే భయపడాలి అని కలిపేవాడు. బట్టి దగ్గర మొదటిరోజు తెల్లగా దట్టంగా పొగ వస్తుంది, రెండోరోజు పలచబడుతుంది. మూడోరోజు దాదాపు కనబడదు. చల్లారిందనుకుని మనిషి ఇంటికి పోతాడు. అప్పుడు మట్టి ఎక్కడో పగిలి, గాలి లోపలికి పోయి, చేసిన కష్టమంతా బూడిదవుతుంది. అందుకే వాళ్ల ఇళ్లలో బట్టి మూడోరోజు మనిషి దాని పక్కనుంచి లేవడు. పెళ్లికీ పోడు, చావుకీ పోడు.

"మా చెల్లె లగ్గానికి నేను లేను" అన్నాడు ఒకసారి. "బట్టి మూడో దినముండె. ఏడాదిదాంక నాతోని మాట్లాడలే. తప్పు దానిదా నాదా అంటె నాకిప్పటికీ తెల్వది."

అడవి మంట కూడా అంతేనని ఆయన వాదన. ఆరిందని అందరూ వచ్చేశాక, ఎండిన మొద్దు వేళ్లలో నిప్పు మట్టి కిందే పాకుతుంటుంది. కాబట్టి ఆర్పిన మూడోరోజు విమానం మళ్లీ పోవాలి. మేనేజరు మొదట ఆయిల్ దండగ అన్నాడు. కాకా రోజూ పొద్దున అడిగాడు, సాయంత్రం అడిగాడు. పోరు పడలేక మేనేజరు ఒప్పుకున్నాడు. మొదటిసారే రెండు చోట్ల మట్టి కింద నిప్పు దొరికింది.

అలాంటి రోజు మేం తెల్లవారకముందే ఎగిరేవాళ్లం. రాత్రంతా చల్లబడిన బండ అప్పుడు మంటతో పోటీ పడదు. విమానం బయటికి తీశాక కాకా వంగి సిమెంటు నేల మీద చేతి వెనకవైపు ఆనించి, ఇగ పోవచ్చు అనేవాడు. పైలట్ నవ్వేవాడు గానీ ఆ మాట వినకుండా ఇంజన్ తిప్పిన గుర్తు నాకు లేదు.

నాలుగో వేసవిలో ఒక గుట్ట మీద మంట ఆరి మూడోరోజు. కెమెరా లోపల దాన్ని చల్లబరిచే చిన్న యంత్రం ఒకటుంటుంది, ఆ పొద్దున అది మొరాయించింది. బాగుచేసేసరికి పన్నెండయింది. కాకా నేల ముట్టి చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఇయ్యాల వద్దు, రేపు తెల్లారి పోదాం అన్నాడు. ఆ రోజే నివేదిక ఇస్తానని మేనేజరు మాట ఇచ్చి ఉన్నాడు. విమానం పోయింది.

బొమ్మలు నా ముందుకొచ్చేసరికి రెండు దాటింది. తెల్లవారుజామున మూడింటికి లేచాను, వరసగా ఆరో రోజు. కళ్లు మండుతున్నాయి. గుట్ట నిండా తెల్ల చుక్కలే. చిట్టా పెట్టగానే అన్నీ చెరిగిపోయాయి. హమ్మయ్య అనుకున్నాను. కాకా నా వెనక నిలబడి, చిట్టా తీసేసి ఒక్కసారి చూపించమన్నాడు. విసుక్కుంటూనే తీశాను. ముసలమ్మ మోకాలు అంచున ఒక చుక్క ఉంది.

"గిక్కడ జర ఆగు. గిది ఉత్తరం దిక్కు. ఈ పక్కకు ఎండ తగలది. గింత తెల్లగ ఎందుకుంటది?"

"చిట్టాలో ఉంది కదా కాకా. మీరే రాయించారు."

"రాయించిన. బండను రాయించిన బిడ్డా, దాని పక్కపొంటి ఉన్న మొద్దును రాయించలే. ఇయ్యాల మూడో దినం. జీపియ్యున్రి, నేను పోయి చూసొస్త."

జీపు సిటీకి పోయింది, రేపు చూద్దాం అన్నాను. జీపు సిటీకి పోయిన మాట నిజమే. ఒక్క ఫోన్ చేస్తే అడవి వాళ్లే పోయి చూసేవాళ్లన్నదీ నిజమే. కానీ అది మళ్లీ బండే అయితే? మళ్లీ ఆ పెద్దాయన ఫోన్, మళ్లీ ఆ నవ్వు. నా ఉద్యోగం ఖాయం కావడానికి నెలే ఉంది. నాకు నిద్ర వస్తోంది. చిట్టా మళ్లీ పెట్టి, ఎక్కడా మంట లేదని రాసి, కింద సంతకం చేసి పంపాను. కాకా నా గ్లాసు తీసుకుని పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం గాలి లేచింది. ముసలమ్మ మోకాలు పక్కన ఎండిన మొద్దులోంచి మంట లేచి గడ్డికి అంటుకుంది. ఆరిందని మేం రాసిన చోటు కనక కాపలావాళ్లు ఆ బాటనే నిశ్చింతగా నడిచి వస్తున్నారు. అందరికంటే వెనకున్న మనిషి మంటల మధ్య చిక్కుకున్నాడు. బతికాడు గానీ రెండు కాళ్లు మోకాళ్ల దాకా కాలాయి. మళ్లీ అడవి పనికి పోలేదు.

మూడు రోజులకు మేనేజరు అందరినీ కూర్చోబెట్టాడు. ఆ చుక్క ఎందుకు చెరిగిందని అడిగాడు. చిట్టాలో ఉంది కనక అని నేను చెప్పాను. అంతవరకు అబద్ధం లేదు. చిట్టాలో ఎవరు పెట్టారని అడిగాడు. కాకా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"నేనే రాయించిన సారూ" అన్నాడు.

ముందురోజే చూసి చెప్పాడనీ, జీపు అడిగాడనీ, వినందీ సంతకం చేసిందీ నేననీ ఆయన చెప్పలేదు. నా వైపు చూడనూ లేదు. ఇప్పుడు నువ్వు చెప్పాలి, ఇదే సమయం అని నా లోపల ఏదో కొట్టుకుంటూనే ఉంది. నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నాను. మేనేజరు ఇంకో మాట అన్నాడు, పైలట్ దగ్గాడు, ఆ సమయం దాటిపోయింది. సాయంత్రానికి కాకాను రేపటి నుంచి రావద్దన్నారు. చదువులేనివాడి మాట నమ్మి చిట్టా చేయించడమే తప్పని మేనేజరు నివేదిక రాసుకున్నాడు. వచ్చే నెల నా ఉద్యోగం ఖాయమైంది.

ఆ తర్వాత నేను నాకు చాలా చెప్పుకున్నాను. ఆయనే ఒప్పుకున్నాడు కదా అనుకున్నాను. అవి ఊళ్లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు, గుంటూరు పిల్లనని ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉన్నారు, ఇది కూడా తోడైతే బతకనిస్తారా అనుకున్నాను. ఆయనకు వయసయింది, నాకు కాలేదు అని కూడా అనుకున్నాను. ఇలాంటివి ఎన్ని చెప్పుకున్నా కడుపు నిండదు.

ఏడాది తర్వాత ఆయన కనిపించాడు. శ్రీశైలం రోడ్డు మీద మంఖాల్ దగ్గర ఒక ప్లాట్ల వెంచర్ గేటు ముందు, వాచ్‌మన్ నీలం చొక్కా తొడుక్కుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఆయన తుమ్మ కొట్టిన బీడేనట అది. నేను క్యాబ్ ఆపించి దిగాను. లేచి నిలబడ్డాడు, వద్దన్నా కూర్చోలేదు. బాగున్నావా బిడ్డా అన్నాడు. లగ్గమైందా అన్నాడు. మూడో దినం విమానం పోతోందా అని అడిగాడు. పోతోందని చెప్పాను. చిట్టా తీసేశామని, ఏ చుక్క కనబడినా ఇప్పుడు మనిషి పోయి చూస్తున్నాడని చెప్పాను. మంచిగైంది అన్నాడు. ముఖంలో నిజంగానే సంతోషం కనబడింది.

కాళ్లు కాలిన మనిషి సంగతి నేను ఎత్తలేదు. ఆయనే ఎత్తాడు. రెండుసార్లు బస్సెక్కి ఆ ఊరు పోయానన్నాడు. కట్టె పట్టుకుని నడుస్తుండు, పెండ్లాం మంచిది, అన్నాడు. వాళ్లేమన్నారని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన మాట చెప్పబోయాను. వెనక బస్సు హారన్ కొట్టింది, మా డ్రైవరు పోదామా అన్నాడు. మళ్లీ వస్తాను కాకా అని క్యాబ్ ఎక్కాను. ఆయన అంత మామూలుగా మాట్లాడాడు కనక మరిచిపోయాడనుకున్నాను. లేదా మన్నించాడనుకున్నాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత బాగా నిద్ర పట్టింది.

ఖాజా భాయ్ కబురు చెప్పాక వచ్చిన ఆదివారం ఆయన బండిలోనే కాకా ఇంటికి పోయాను. రెండు గదుల ఇల్లు, ముందు వేపచెట్టు, చుట్టూ ప్లాట్ల హద్దురాళ్లు. కాకా భార్య బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేనెవరో ఖాజా భాయ్ చెబితే, తెలుసు అని చేట పక్కన పెట్టి నీళ్లిచ్చింది. పరామర్శ మాటలు రెండు నిమిషాల్లో అయిపోయాయి. ఖాజా భాయ్ బయటికి పోయాక, ఆమె పక్కన నేల మీద కూర్చుని చెప్పేశాను. చుక్క ఆయన చూపించాడని, నేనే చెరిపానని, ఆ రోజు నేను నోరు మూసుకున్నానని. ఏడ్చాను కూడా. ఆమె అడ్డు రాకుండా విన్నది.

"మాకు తెల్సు బిడ్డా" అన్నది. "ఆ దినమే ఇంటికొచ్చి జెప్పిండు. ఆ పిల్ల జెప్తది, జర భయపడ్డది, రెండు దినాలాగితె జెప్తది అన్నడు. శాన దినాలు గట్లనే అన్నడు. ఇగ తర్వాత అనుడు ఇడిసిపెట్టిండు."

క్షమించమ్మా అని ఎలాగో అన్నాను. ఆమె చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. ఆమె గొంతులో కోపం లేదు, బాగా అలసిపోయిన మనిషి మాట్లాడినట్టుంది.

"నాకు జెప్తె ఏమొస్తది? ఆ కాళ్లు కాలినాయన ఉన్నడు గద. మా ఆయన రెండుమార్లు పోతె రెండుమార్లు వాకిట్లకెల్లే వాపసు పంపిండు. నీ బండల లెక్కతోనే నా కాళ్లు పోయినయన్నడట. దమ్ము ఎక్కువైన నాడు గూడ మా ఆయన గదే యాది జేసిండు. పోయి ఆయనకు జెప్పు."

పోతానమ్మా అన్నాను.

మా మాటలు బయట ఖాజా భాయ్‌కు వినబడినట్టున్నాయి. ఆ ఊరు ఆయనకు తెలుసు, ఎప్పుడంటే అప్పుడు తీసుకుపోతానని మాత్రం అన్నాడు. ఆ తర్వాత రెండుసార్లు ఆయనే ఫోన్ చేశాడు. ఒకసారి పనుందన్నాను, ఒకసారి ఫోన్ ఎత్తలేదు. నాలుగు నెలలయింది. ఇంకా పోలేదు. రాయడమైతే సులువు కనక ముందు ఇది రాశాను.